తెరపై స్కిజోఫ్రీనియా: ఎంత నిజం, ఎంత కల్పన?

మానసిక వ్యాధి అనగానే తెలుగు ప్రేక్షకులలో అనేకులకు 2005లో విడుదలైన ‘అపరిచితుడు’ గుర్తుకు వస్తుంది. అయితే ఒకే మనిషిలో పలువురు వ్యక్తులు మేల్కొనడం స్కిజోఫ్రీనియా కాదు. అది వేరొక రుగ్మత. స్కిజోఫ్రీనియాలో మనిషి ఒక్కడే. ఇతరులకు వినిపించని మాటలు అతనికి వినిపించవచ్చు. ఎవరో తనపై కుట్ర పన్నుతున్నారన్న నమ్మకం ఎంత నచ్చజెప్పినా సడలకపోవచ్చు.

ఈ స్థితిని రోగి వైపు నుండి చూపిన చిత్రం, 2001లో రాన్ హోవార్డ్ దర్శకత్వంలో వచ్చిన ‘ఎ బ్యూటిఫుల్ మైండ్’. 1994లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్న అమెరికా గణితవేత్త జాన్ నాష్ జీవితం దానికి ఆధారం. కథానాయకుని మిత్రుడు, ఆ మిత్రుని మేనకోడలు, ఒక రహస్య అధికారి నిజమైన మనుషులేనని ప్రేక్షకుడు చాలాసేపు నమ్ముతాడు. వారు భ్రాంతి మాత్రమేనని తెలిసినప్పుడు, రోగితో వాదించి ఎందుకు ఒప్పించలేమో బోధపడుతుంది.

మందుల వల్ల ఆలోచన మందగించిందని నాష్ వాటిని రహస్యంగా మానివేస్తాడు. భ్రాంతులు తిరిగి వస్తాయి. లేని మిత్రుడు చూసుకుంటున్నాడనుకొని పసిబిడ్డను నీళ్లతొట్టెలో వదిలి వెళతాడు. మందు పడకపోతే వైద్యునికి చెప్పి మార్పించుకోవాలే గాని, తమంతట తాము మానరాదు.

వాస్తవం కొంత వేరు. నిజ జీవితంలో నాష్‌ను వేధించినవి స్వరాలు. కంటికి కనిపించే మనుషులు సినిమా కల్పన. 1970 తరువాత ఆయన మందులు వాడకుండానే క్రమంగా కోలుకున్నారు. అది అరుదు. ఆయనను చూసి ఇతరులు మందులు మానవచ్చునన్న శంకతోనే, సినిమాలో కొత్త మందులు వాడుతున్నట్లు చెప్పించారు. భార్య అలీసియా 1963లో విడాకులు పొందినా, 1970లో ఆయనకు తన ఇంట ఆశ్రయమిచ్చారు.

కుటుంబం తోడుండటం వేలూరుకు కొత్త కాదు. బాగాయంలోని సి.ఎం.సి. మానసిక ఆరోగ్య కేంద్రంలో రోగితోపాటు కుటుంబసభ్యులు ఉండి చికిత్సలో పాలుపంచుకునే పద్ధతి దశాబ్దాలుగా ఉన్నది. వేలూరు, గుడియాత్తంలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు రోగి బాధను తమిళంలో వివరించడం కష్టమైతే, 14416 నంబరుకు ఫోన్ చేయవచ్చు. టెలి మానస్ అనే ఈ ప్రభుత్వ సేవ ఉచితం. రాత్రింబవళ్లు, తెలుగులోనూ లభిస్తుంది. రోగిని గొలుసులతో కట్టివేయడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది.