ఒకే తీగ మీద ఇద్దరు పలికితే

ఉయ్యూరు దగ్గర ఒక కౌలు రైతు చెరకు తోటలో నేల తడి కొలిచే పెట్టె పెట్టాం. ఆ అంకెలు మెమరీ కార్డులో పడాలి, రేడియో మాడ్యూల్ ద్వారా ఇంటికీ చేరాలి. బల్ల మీద బాగానే పనిచేసింది. తోటలో మాత్రం కరెంటు పోయి వచ్చాక ఒక్కోసారి కార్డు దొరకలేదంటూ ఆగిపోయేది. వారం రోజుల అంకెలు పోయాయి. "మీ పెట్టె కంటే నా మడమే నయం బాబూ" అన్నారాయన.

కార్డు మార్చాం, వైర్లు మార్చాం. తప్పు చిప్ సెలెక్ట్ దగ్గరుంది. మన పిల్లలు చాలామంది ఈ పనుల్లోకి వస్తున్నారు గనుక కాస్త వివరంగా చెబుతాం.

మోటరోలా కంపెనీ 1980లలో తెచ్చిన ఎస్‌పీఐ పద్ధతిలో క్లాక్ తీగ, పంపే తీగ, అందుకునే తీగ అన్ని పరికరాలకూ ఉమ్మడి. ఎవరిని పిలుస్తున్నామో చెప్పే చిప్ సెలెక్ట్ తీగ మాత్రం ఒక్కొక్కదానికీ విడిగా ఉంటుంది. సాధారణంగా అది 0 వోల్టులకు దిగితే పిలిచినట్టు, పైనుంటే ఊరుకోమన్నట్టు. రెండు పరికరాలకూ ఒకేసారి దిగితే రెండూ ఒకే తీగ మీద పలుకుతాయి. ఒకటి 1 అని, మరొకటి 0 అంటే వచ్చిన అంకెకు అర్థముండదు, చిప్పులకూ మంచిది కాదు.

మా పెట్టెలో జరిగిందిదే. మా 3.3 వోల్టుల ప్రో మినీ బోర్డు రీసెట్ అయ్యాక, ప్రోగ్రాం చెప్పేదాకా పిన్నులు ఏ వోల్టేజీకీ కట్టుబడి ఉండవు. మేం ముందు కార్డును మొదలుపెట్టేవాళ్లం, రేడియో పిన్ను ఇంకా గాలిలోనే ఉండేది. అది కిందికి జారినప్పుడల్లా కార్డు మాటల్లో రేడియో కూడా పలికేది.

ప్రతి చిప్ సెలెక్ట్ తీగనూ 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌తో 3.3 వోల్టులకు కట్టాం. ప్రోగ్రాం మొదట్లోనే అన్ని పిన్నులనూ పైకి పెట్టి, ఆ తర్వాతే పరికరాల జోలికి వెళ్లాలి. పిన్నుకు ముందు హై రాసి, తర్వాత అవుట్‌పుట్‌గా మార్చండి. వరుస తప్పితే క్షణంపాటు కిందికి దిగే వీలుంది. ఈ బోర్డులో 10వ పిన్నును వాడకపోయినా అవుట్‌పుట్‌గానే ఉంచాలి.

కార్డుకు ఇంకో అలవాటుంది. చిప్ సెలెక్ట్ పైకెత్తినా, మరో 8 క్లాకులు పడేదాకా ఉమ్మడి తీగ వదలదు. ఒక ఉత్త బైటు పంపాకే రేడియోను పిలవాలి. ఇది తెలియడానికి మాకు రెండు రాత్రులు పట్టింది.

పిన్నులు చాలకపోతే 74హెచ్‌సీ138 డీకోడర్ 3 పిన్నులతో 8 తీగలను చూసుకుంటుంది, ఒకసారికి ఒక్కదాన్నే దించుతుంది. ఎవరినీ పిలవనప్పుడు దాని ఎనేబుల్ పిన్నుతో ఆపి ఉంచాలి.

పెట్టె మళ్లీ తోటకు చేరింది. ఆయన మాత్రం ఇప్పటికీ మడమతో నేల నొక్కి చూశాకే మోటారు వేస్తున్నారు.