మీకు తెలుసా? మొట్టికాయకూ ఓ సెక్షన్ ఉంది

ఆస్ట్రేలియాలో పిల్లాడి మీద చెయ్యెత్తితే చాలు, గవర్నమెంటువాళ్లు వచ్చి ఎత్తుకుపోతారని మనవాళ్లలో ఓ గట్టి నమ్మకం. సిడ్నీ వెంట్‌వర్త్‌విల్‌లోనైనా, మెల్‌బోర్న్ పాయింట్ కుక్‌లోనైనా నాలుగు తెలుగు కుటుంబాలు కలిస్తే ఈ ప్రస్తావన రాకుండా ఉండదు. 2021 జనాభా లెక్కల్లో ఇంట్లో తెలుగు మాట్లాడతామని రాయించినవాళ్లు అక్కడ 59 వేలకు పైమాటే. వాళ్లకూ, పురుడు పోయడానికనో మనవళ్లను చూసుకోవడానికనో విమానమెక్కే అమ్మమ్మలకూ నానమ్మలకూ పనికొచ్చే సంగతులు ఇవి.

ముందు ఆ దెబ్బల విషయమే తేల్చేద్దాం. పిల్లల్ని కొట్టడాన్ని స్వీడన్ 1979లోనే పూర్తిగా నిషేధించింది. పక్కనున్న న్యూజిలాండ్ 2007లో ఆ దారి పట్టింది. ఆస్ట్రేలియాలో మాత్రం దేశమంతటికీ వర్తించే అలాంటి నిషేధం లేదు. కాకపోతే హద్దులున్నాయి. న్యూ సౌత్ వేల్స్ క్రైమ్స్ యాక్టులో 61ఏఏ అని ఓ సెక్షన్ ఉంది. క్రమశిక్షణ కోసమే చెయ్యి చేసుకున్నామని తల్లిదండ్రులు చెప్పుకోవచ్చు గానీ, దెబ్బ తల మీదో మెడ మీదో పడితే ఆ మాట చెల్లదు. ఒంట్లో మరెక్కడైనా సరే, కాసేపటికి తగ్గిపోయే నొప్పిని మించితే చెల్లదు. ఇప్పుడు మన ఇళ్లలోని శిక్షలన్నీ ఓసారి గుర్తు చేసుకోండి. మొట్టికాయ, చెంపదెబ్బ, చెవి మెలిపెట్టడం మొదటి హద్దు దాటాయి. మర్నాటికీ కమిలి కనబడే తొడపాశం రెండో హద్దు దాటింది. మరీ తేలికపాటి తాకిడైతే మినహాయింపు ఉంది. అది తేలికో కాదో చెప్పేది మాత్రం మీరు కాదు, కోర్టు.

ఇంతకీ అక్కడి బాలల రక్షణ శాఖల రికార్డుల్లో దెబ్బలదే పైచేయి అనుకుంటున్నారా? కాదు. విచారణలో నిజమని తేలిన కేసుల్లో సగానికి పైగా మానసిక హింస కిందికి వస్తాయి. ఆ తర్వాతి స్థానం నిర్లక్ష్యానిది. మానసిక హింస అంటే పిల్లాణ్ణి తిట్టడం ఒక్కటే కాదు. నాన్న అమ్మను కొడుతుంటే చూస్తూ పెరగడమూ అందులోకే వస్తుంది. ‘పిల్లల ఒంటి మీద ఈగ వాలనివ్వను, మా ఆవిడ సంగతి మా ఇంటి గొడవ’ అనే మగవాళ్లకు ఈ సంగతి ఎవరైనా చెవిన వేస్తే బాగుండు.

దేశం మొత్తానికి ఒకే శాఖ కూడా లేదు. ఆరు రాష్ట్రాలు, రెండు టెరిటరీలు కలిపి ఎనిమిది వ్యవస్థలు. న్యూ సౌత్ వేల్స్ చట్టం 1998 నాటిది, క్వీన్స్‌లాండ్‌ది 1999, విక్టోరియాది 2005. సిడ్నీ నుంచి బ్రిస్బేన్‌కు మకాం మారిస్తే మీకు వర్తించే చట్టమూ మారిపోతుంది. పిల్లల్ని ఇంట్లో ఒంటరిగా వదిలి వెళ్లడమే తీసుకోండి. చాలాచోట్ల ఇన్నేళ్లు నిండాలని అంకె లేదు. క్వీన్స్‌లాండ్‌లో ఉంది: పన్నెండేళ్లలోపు పిల్లల్ని తగిన ఏర్పాటు లేకుండా, సబబు కానంతసేపు వదిలేస్తే మూడేళ్ల దాకా జైలు. అత్తగారు వీసా గడువు అయిపోయి ఇండియా వెళ్లిపోయాక, నైట్ షిఫ్టుల మధ్య నలిగే జంటలు ఈ ఒక్క వాక్యం రాసిపెట్టుకోవాలి.

టీచరమ్మ కక్షగట్టి ఆ శాఖకు ఫోన్ చేసిందని బాధపడేవాళ్లున్నారు. కక్ష కాదు, ఆమె ఉద్యోగ ధర్మం అది. పిల్లల మీద హింస జరుగుతోందని అనుమానం వస్తే డాక్టర్లు తప్పనిసరిగా తెలియజేయాలని 1969లో దక్షిణ ఆస్ట్రేలియా చట్టం చేసింది. దేశంలో అదే మొదలు. తర్వాత నర్సులు, టీచర్లు, పోలీసులు ఆ జాబితాలో చేరారు. నార్తర్న్ టెరిటరీలోనైతే జాబితాయే లేదు, పెద్దవాళ్లందరిదీ ఆ బాధ్యతే. చెప్పినవాళ్ల పేరు బయటికి రాకుండా చట్టం కాపాడుతుంది. ‘ఇవన్నీ తెల్లవాళ్ల చాదస్తాలు’ అనేముందు మన 2012 పోక్సో చట్టం తిరగేయండి. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్లు ఎవరైనా సరే, చెప్పకపోతే నేరమే. అది గుంటూరులోనూ వర్తిస్తుంది, వరంగల్‌లోనూ వర్తిస్తుంది.

ఫోన్ వెళ్లాక ఏమవుతుంది? ప్రతి ఫోనుకూ గుమ్మం ముందు కారు ఆగదు. న్యూ సౌత్ వేల్స్‌లో 2010 నుంచి ‘గణనీయమైన హాని’ జరిగే ప్రమాదం ఉందా అన్నదే గీటురాయి. మాజీ న్యాయమూర్తి జేమ్స్ వుడ్ కమిషన్ 2008లో ఇచ్చిన నివేదిక తర్వాత వచ్చిన మార్పు అది. ఆ గీత దాటిందనుకుంటే కేస్‌వర్కర్ వస్తారు. పిల్లాడు ఎక్కడ పడుకుంటాడు, ఇంట్లో తిండికి లోటుందా, మీకు అండగా ఎవరున్నారు అని ఆరా తీస్తారు. కన్నవాళ్లతో మాట్లాడకముందే బడిలో పిల్లాడితో విడిగా మాట్లాడినా మాట్లాడవచ్చు. చాలా ఇళ్లలో వ్యవహారం సలహాతోనో సాయంతోనో ముగుస్తుంది. బిడ్డను నిజంగానే అప్పటికప్పుడు తీసుకెళ్తే, మూడు పనిదినాల్లో చిల్డ్రన్స్ కోర్టుకు దరఖాస్తు చేసుకోవాల్సింది శాఖే. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే ప్రాంతానికి కూతవేటు దూరంలో, పారామట్టాలో ఉంది ఆ కోర్టు. అక్కడ పిల్లాడికి తనదంటూ లాయరు ఉంటారు. పన్నెండేళ్లు దాటినవాడైతే ఏం వాదించాలో ఆ లాయరుకు తనే చెబుతాడు. ఇంటికి దూరమైన పిల్లల్లో సగానికి పైగా ఉంటున్నది తాతయ్యలు, మేనత్తలు, పిన్నుల వంటి బంధువుల దగ్గరే.

భార్యాభర్తలు విడిపోయినప్పుడు పిల్లలు ఎవరి దగ్గర ఉండాలన్న తగాదా వేరు, దాన్ని చూసేవి ఫ్యామిలీ కోర్టులు. ఈ రెంటినీ కలిపేసుకుని కంగారుపడకండి.

ఇంటికి దూరమైన పిల్లల్ని కుటుంబాల మధ్య పెంచాలన్న ఆలోచన అక్కడ పాతదే. ఆస్ట్రేలియా 2001లో తెచ్చిన ప్రత్యేక ఐదు డాలర్ల నోటు మీద కేథరిన్ హెలెన్ స్పెన్స్ అనే పెద్దావిడ బొమ్మ వేశారు. దిక్కులేని పిల్లల్ని ఆశ్రమాల్లో మందలుగా ఉంచడం తగదని, కుటుంబాల మధ్య పెంచాలని కేరొలిన్ ఎమిలీ క్లార్క్‌తో కలిసి 1872లో అడిలైడ్‌లో సొసైటీ పెట్టిన మనిషి ఆవిడ. పెంచుకున్నవాళ్లు సరిగా చూస్తున్నారో లేదో ఇంటికెళ్లి కనుక్కోవడం కూడా వాళ్లు పెట్టుకున్న పనే.

అదే దేశం ఇంకో పనీ చేసింది. పశ్చిమ ఆస్ట్రేలియాలో 1905 నాటి చట్టం ప్రకారం పదహారేళ్లలోపు ఆదివాసీ పిల్లలకు చట్టరీత్యా సంరక్షకుడు తల్లీ కాదు తండ్రీ కాదు, చీఫ్ ప్రొటెక్టర్ అనే సర్కారు అధికారి. మేలు చేస్తున్నామంటూ దశాబ్దాల తరబడి పిల్లల్ని తల్లుల ఒళ్లోంచి లాక్కెళ్లారు. 1997లో వచ్చిన ‘బ్రింగింగ్ దెమ్ హోమ్’ నివేదిక ఆ కథలన్నీ బయటపెట్టింది. 2008 ఫిబ్రవరి 13న ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. క్షమాపణతో అన్నీ సర్దుకున్నాయా అంటే, పిల్లల జనాభాలో ఆదివాసీలు వందకు ఆరుగురే. ఇంటికి దూరంగా ప్రభుత్వ సంరక్షణలో ఉన్న పిల్లల్లో మాత్రం వందకు నలభైమందికి పైగా వాళ్లే. ఈ శాఖలంటే భయపడే హక్కు ఎవరికైనా ఉందంటే ముందు వాళ్లకుంది. మన భయంలో మాత్రం చాలావరకు తెలియనితనమే.

శనాదివారాల్లో తెలుగు బడి నడిపేవాళ్లకు, కూచిపూడి నేర్పేవాళ్లకు ఒక్క మాట: జీతం లేని సేవే అయినా ‘వర్కింగ్ విత్ చిల్డ్రన్ చెక్’ అనుమతి అవసరం పడవచ్చు. న్యూ సౌత్ వేల్స్, విక్టోరియాల్లో వాలంటీర్లకు ఉచితం. క్వీన్స్‌లాండ్‌లో దాన్ని బ్లూ కార్డ్ అంటారు. పిల్లల్ని అక్కడికి పంపే తల్లిదండ్రులూ, ‘మనవాళ్లేగా’ అని మొహమాటపడకుండా ఆ అనుమతి ఉందా అని అడగండి.

కేస్‌వర్కర్ వస్తే తలుపు వేసుకోకండి, అర్థం కాని కాగితం మీద సంతకమూ పెట్టకండి. తెలుగు దుబాసీ కావాలని అడగండి, పిల్లాడి చేత చెప్పించకండి. ఫోన్లో దుబాసీ సాయానికి 131 450. న్యూ సౌత్ వేల్స్‌లో న్యాయ సలహాకు 1300 888 529. అదే రాష్ట్రంలో ఏ పిల్లాడి గురించైనా చెప్పాల్సి వస్తే 132 111. పిల్లలే నేరుగా మాట్లాడుకునే కిడ్స్ హెల్ప్‌లైన్ 1800 55 1800, ఈ నంబరు మీ పిల్లలకు మీరే ఇవ్వండి.