ముక్కలు కూడా పోకూడదు

ఐదువేలమంది తిన్నాక ప్రభువు మిగిలిన ముక్కలను సైతం ఏరించారు. పన్నెండు గంపలు నిండాయి.

మన కూటాలలో నాలుగు కెమెరాలున్నా, మిక్సర్‌లో ఎంచుకున్న దృశ్యమే రికార్డవుతుంది. వృద్ధ సహోదరి సాక్ష్యమిచ్చే వేళ వేరే దృశ్యం ఎంచితే, ఆమె ముఖం ఇక దొరకదు. 2015లో వచ్చిన ఎన్‌డీఐ పద్ధతిలో కెమెరాల దృశ్యాలన్నీ మామూలు నెట్‌వర్క్ కేబుల్ మీదనే వస్తాయి. ఆ నెట్‌వర్క్‌కు తగిలించిన ప్రత్యేక రికార్డరు ప్రతి కెమెరాను వేరు ఫైలుగా భద్రపరుస్తుంది. ఒక్కొక్కటి సెకనుకు 100 మెగాబిట్లయితే, నాలుగింటికి గంటకు 180 గిగాబైట్ల చోటు కావాలి.

హుద్‌హుద్ (2014), తిత్లీ (2018) తుపానులు చూచిన శ్రీకాకుళం, విజయనగరం సంఘాలకు కరెంటు సంగతి తెలిసినదే. రికార్డింగు మధ్యలో కరెంటు పోతే ఫైలే పాడవవచ్చు. రికార్డరుకు, నెట్‌వర్క్ స్విచ్‌కు యూపీఎస్ పెట్టండి.

దేవుడు మిమ్మును దీవించును గాక. ఆమేన్.