చిట్టి చేతుల క్రిస్మస్ కార్డు

డిసెంబరు వచ్చిందంటే విశ్వాసుల ఇళ్లపై నక్షత్రాలు వెలుగుతాయి, వీధుల్లో క్యారల్స్ వినిపిస్తాయి. ఫోన్లలో శుభాకాంక్షలు కుప్పలుగా వచ్చిపడతాయి. ఎవరో తయారుచేసిన బొమ్మను మనం వందమందికి పంపిస్తాం. అందులో పంపిన మన పేరుండదు, అందుకున్నవారి పేరూ ఉండదు. మరి ఆ శుభాకాంక్ష ఎవరిది?

అపొస్తలుడైన పౌలు తన పత్రికలను ఇతరులచేత రాయించేవాడు. రోమా పత్రికను చేతితో రాసింది తెర్తియు (రోమా 16:22). అయినా చివరి వందనాన్ని మాత్రం పౌలు స్వయంగా రాసేవాడు (2 థెస్స 3:17). తాను ఎంత పెద్ద అక్షరాలతో రాస్తున్నాడో చూడమని గలతీ సంఘస్థులతో అన్నాడు (గలతీ 6:11). మనవాళ్ల చేతిరాత మనకు వాళ్లనే గుర్తు చేస్తుంది. బడికి వెళ్లే పిల్లల పెద్దపెద్ద వంకర అక్షరాలకూ ఆ విలువే ఉంది.

అచ్చయిన మొదటి క్రిస్మస్ కార్డు 1843లో లండన్‌లో వెలువడింది. ఉత్తరాలన్నిటికీ జవాబు రాసే తీరికలేని హెన్రీ కోల్, చిత్రకారుడు జాన్ హార్స్‌లీచేత దానిని గీయించాడు. మధ్యలో విందు చేసుకుంటున్న కుటుంబం, ఒక పక్క పేదలకు అన్నం పెట్టడం, మరోపక్క బట్టలివ్వడం అందులోని బొమ్మలు. 1949లో యునిసెఫ్ తెచ్చిన మొదటి కార్డుపై ఉన్నది చెకొస్లొవేకియాకు చెందిన ఏడేళ్ల బాలిక వేసిన చిత్రం. యుద్ధానంతరం తన ఊరికి అందిన సాయానికి కృతజ్ఞతగా ఆ చిన్నారి దాన్ని వేసింది.

మన ఇంట్లో ఇలాంటి కార్డు చేయడానికి ఖర్చేమీ అక్కర్లేదు. డ్రాయింగ్ షీటును మధ్యకు మడిస్తే కార్డు సిద్ధం. బెండకాయను అడ్డంగా కోసి, రంగులో అద్ది ఒత్తితే చక్కటి నక్షత్రాలు పడతాయి. మూడేళ్ల బిడ్డ అరచేతి అచ్చును తలకిందులు చేస్తే నాలుగు వేళ్లు కాళ్లుగా, బొటనవేలు తలగా బెత్లెహేము గొర్రెపిల్ల అవుతుంది. కోసే పని పెద్దలు చూసుకుని, అద్దే పని పిల్లలకివ్వాలి. వంకరపోయినా మనం సరిదిద్దకూడదు. లోపల మాత్రం అచ్చు వాక్యం వద్దు. 'అమ్మమ్మా, నువ్వు నేర్పిన ప్రార్థన రోజూ చేస్తున్నాను' అని బిడ్డచేత రాయిస్తే చాలు. తిమోతి విశ్వాసానికి మూలం అవ్వయైన లోయి, తల్లియైన యునీకే (2 తిమోతి 1:5). మన అమ్మమ్మలకు ఆ మాటకన్నా గొప్ప బహుమతి ఏముంటుంది?

అసలు పరీక్ష పేర్ల జాబితా దగ్గర మొదలవుతుంది. అందరి పేర్లూ రాశాక, 'పెదనాన్నకు ఎందుకు లేదు?' అని పిల్లలు అడుగుతారు. పొలం గట్టు దగ్గరో, పెళ్లి పిలుపు దగ్గరో తెగిపోయిన బంధం అది. పెద్దలకు కారణాలు చాలా ఉంటాయి. కానీ వాటిలో ఒక్కటైనా ఆ బిడ్డకు చెప్పుకోదగినది కాదు. నీ సహోదరునికి నీమీద ఏదైనా ఉంటే అర్పణను బలిపీఠం ఎదుట విడిచిపెట్టి ముందు సమాధానపడమన్నాడు ప్రభువు (మత్తయి 5:23, 24). క్రిస్మస్ ఆరాధనకు కొత్తబట్టలతో వెళ్లే మనకు ఈ ఆజ్ఞ వర్తించదా? దేవుడు మనమింకా శత్రువులుగా ఉండగానే తన కుమారుణ్ణి ఇచ్చి మనతో సమాధానపడ్డాడు (రోమా 5:10). మొదటి అడుగు ఆయనే వేశాడు, మనం వేస్తామని ఎదురుచూడలేదు.

కాబట్టి ఆ పేరు కూడా రాద్దాం. ఆ సంవత్సరమే భర్తను పోగొట్టుకున్న సహోదరి పేరు, కొడుకులు దూరదేశంలో ఉన్న వృద్ధ దంపతుల పేర్లు కూడా చేరుద్దాం. దగ్గరవాళ్లకు పిల్లలచేతనే ఇప్పిద్దాం, దూరంవాళ్లకు డిసెంబరు మొదటి వారంలోనే పోస్టు చేద్దాం. పెదనాన్న నుండి జవాబు రావచ్చు, రాకపోవచ్చు. కానీ తగవు పడినవారికి కూడా శుభవార్త పంపాలని మన పిల్లలు ఆ రోజు నేర్చుకుంటారు.