దాచిన వ్యాసం దొరకాలంటే... అపోహలు – వాస్తవాలు

తమిళనాడులోని రాజపాళయంలో రాజు కులస్థుల ఇళ్లలో మాట తెలుగు, బడిలో చదువు తమిళం, పరిశోధన వ్యాసాలేమో ఎక్కువగా ఇంగ్లీషు. ఆ ఊరి నూలు మిల్లుల మీదో, అక్కడి తెలుగు మీదో పీహెచ్‌డీ మొదలుపెట్టినవారికి తొలి ఏడాది వ్యాసాలు దొరకడమే గగనం. థీసిస్ రాయడానికి కూర్చునేసరికి మరో చిక్కు: దొరికినవాటిని ఎక్కడ పెట్టారో తెలియదు. అందుకు సాధారణంగా కారణమయ్యే అపోహలు ఇవి.

అపోహ: బ్రౌజర్‌లో పైన కనిపించే లింకు కాపీ చేసుకుంటే చాలు.
వాస్తవం: లైబ్రరీ డేటాబేసుల్లో ఆ లింకు చాలాసార్లు ఆ లాగిన్ ఉన్నంతసేపే పనిచేస్తుంది. మర్నాడు నొక్కితే లాగిన్ పేజీయో, ‘సెషన్ ముగిసింది’ అన్న మాటో ఎదురవుతుంది. వ్యాసం పేజీలోనే ఉండే శాశ్వత లింకును (పర్మలింక్) గానీ, డీఓఐని గానీ రాసుకోవాలి. డీఓఐ అంటే ‘10.’తో మొదలయ్యే గుర్తింపు సంఖ్య. 2000 నుంచి వాడుకలో ఉంది. పత్రిక వెబ్‌సైటు మారినా, ప్రచురణకర్త కొత్త చిరునామా నమోదు చేస్తే పాత సంఖ్యే అక్కడికి చేరుస్తుంది. అయితే డీఓఐ ఉంది కదా అని వ్యాసం ఉచితంగా తెరుచుకోదు. ఉచితంగా ఇవ్వని వ్యాసానికి చందా ఉండాల్సిందే.

అపోహ: డేటాబేసు ఫోల్డర్‌లో వేశాం కాబట్టి భద్రం.
వాస్తవం: కాలేజీ లాగిన్ వేరు, డేటాబేసులో మన సొంత ఖాతా వేరు. సొంత ఖాతా తెరవకుండా ఫోల్డర్‌లో వేస్తే చాలా డేటాబేసుల్లో సెషన్‌తో పాటే అవీ పోతాయి. ఖాతా ఉన్నా, కాలేజీ చందా ఆగిపోతే మిగిలేది పేర్ల జాబితానే. గూగుల్ స్కాలర్ ‘మై లైబ్రరీ’లో దాచినా అంతే. అది వివరాలనూ లింకునూ గుర్తుపెట్టుకుంటుంది తప్ప వ్యాసాన్ని కాదు.

అపోహ: పీడీఎఫ్ దించుకుంటే పని అయిపోయినట్టే.
వాస్తవం: అంకెలూ అక్షరాలూ కలగలిసిన పేరుతో డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో పడిన ఫైలు ఆరు నెలల తర్వాత ఎవరిదో, ఏ పత్రికదో తెరిచి చూస్తే గానీ తెలియదు. దించుకున్న రోజే రచయిత, ఏడాది, రెండు మూడు మాటల శీర్షిక వచ్చేలా పేరు మార్చాలి. దేనికోసం దాచారో ఒక వాక్యం రాసుకోవాలి. ‘రెండో అధ్యాయం, మిల్లు కూలీల పట్టిక చూడాలి’ అన్నంత చాలు.

అపోహ: ఈ పనికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ కావాలి.
వాస్తవం: అమెరికాలోని జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయంలో 2006లో మొదలైన జోటెరో పూర్తిగా ఉచితం. ఉచిత ఖాతాకు 300 ఎంబీ పరిమితి ఉన్నమాట నిజమే గానీ, అది ఆన్‌లైన్‌లో దాచే ఫైళ్లకే. సొంత కంప్యూటర్‌లో ఎన్నయినా పెట్టుకోవచ్చు. తెలుగు, తమిళ లిపుల్లో శీర్షికలనూ అది తీసుకుంటుంది.

అపోహ: సాఫ్ట్‌వేర్ తెచ్చిన వివరాలు సరిచూడక్కర్లేదు.
వాస్తవం: ఉదాహరణకు, మద్రాసు రాష్ట్రాన్ని 1949 నుంచి 1952 దాకా పాలించిన పి.ఎస్. కుమారస్వామి రాజా రాజపాళయంవారే. ఆయన ఇంటిపేరు పూసపాటి. పేరు ముందున్న ‘పి’ అదే. కానీ ఇలాంటి పేర్లలో చివరి మాటే ఇంటిపేరని సాఫ్ట్‌వేర్ అనుకుంటుంది. ఫలితంగా ఊళ్లోని రచయితలంతా ‘రాజా’ కింద పోగుపడతారు. ఒకే వ్యక్తి ఒకచోట ఇనీషియళ్లతో, మరోచోట పూర్తి పేరుతో వస్తే ఇద్దరవుతారు. ఏ రూపం వాడాలో ముందే తేల్చుకుని, మొత్తం జాబితాలో అదే పాటించాలి.

అపోహ: ఊరి పేరుతో అలర్ట్ పెట్టుకుంటే కొత్త వ్యాసాలన్నీ వచ్చేస్తాయి.
వాస్తవం: ఈ ఊరి పేరును ఇంగ్లీషులో ‘వై’ ముందు ‘ఐ’ చేర్చి కొందరు, చేర్చకుండా కొందరు రాస్తారు. రెండింటికీ అలర్ట్ పెట్టాలి. పాత వ్యాసాలు వెతికేటప్పుడు జిల్లా పేరు కూడా మారుతుంది. 1910కి ముందు ఈ ప్రాంతం తిరునెల్వేలి జిల్లాలో ఉండేది. ఆ తర్వాత రామనాథపురం జిల్లాలోకి వచ్చింది. 1985లో ఆ జిల్లా విడిపోయినప్పుడు కామరాజర్ జిల్లాలోకి వచ్చింది, ఆ జిల్లా పేరు 1997లో విరుదునగర్ అయింది. ఒక్క ‘విరుదునగర్’ అని వెతికితే 1950ల నాటి వ్యాసం కంటపడకపోవచ్చు. ఊరి పేరు ఒక్కటే పెడితే మరో తంటా: 2005లో తపాలా బిళ్ల మీదికెక్కిన రాజపాళయం జాతి కుక్కల మీది పశువైద్య వ్యాసాలూ వచ్చి పడతాయి. ‘నూలు’, ‘మిల్లు’, ‘తెలుగు’ వంటి మాట జోడిస్తే జల్లెడ పట్టినట్టవుతుంది. ఏ డేటాబేసులో ఏ మాటలతో ఏ తేదీన వెతికారో నోటుపుస్తకంలో రాసుకుంటే, వెతికిందే మళ్లీ వెతికే బాధ తప్పుతుంది.

అపోహ: అచ్చయిన వ్యాసం ఇక మారదు.
వాస్తవం: సవరణలు వస్తాయి, కొన్నిటిని పత్రికలే వెనక్కి తీసుకుంటాయి. టీకాలకూ ఆటిజానికీ ముడిపెట్టి 1998లో ‘లాన్సెట్’లో వచ్చిన వ్యాసాన్ని ఆ పత్రిక 2010లో ఉపసంహరించుకుంది. మన కంప్యూటర్‌లోని పీడీఎఫ్‌కు ఆ సంగతి తెలియదు. జోటెరో 2019 నుంచి అలాంటివాటిపై హెచ్చరిక చూపుతోంది. అయినా థీసిస్ సమర్పించే ముందు ముఖ్యమైన వ్యాసాల పేజీలు ఒకసారి తెరిచి చూడటం మేలు.

అపోహ: లాగిన్ ఉండగానే అన్నీ గుత్తగా దించేసుకోవాలి.
వాస్తవం: అలా దించడం ప్రచురణకర్తల షరతులకు విరుద్ధం. గుర్తిస్తే కాలేజీ మొత్తానికీ తలుపులు మూసేయగలరు.

అపోహ: కాలేజీ వదిలితే ఇక చదవడానికేమీ ఉండదు.
వాస్తవం: కాలేజీలకు ఈ-పత్రికలు అందించే ఎన్-లిస్ట్ వంటివాటి లాగిన్‌లు సంస్థ ద్వారానే వస్తాయి. 2025లో మొదలైన ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకం కూడా ప్రభుత్వ సంస్థల్లో ఉన్నవారికే. కానీ భారతీయ విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలు దొరికే శోధ్‌గంగను ఎవరైనా తెరవవచ్చు. జేస్టోర్ డేటాబేసులో ఉచిత ఖాతాతో కొన్ని వ్యాసాలను ఆన్‌లైన్‌లో చదవవచ్చు. కాలేజీ లాగిన్ పోయేలోగా చేయాల్సింది రెండు పనులు: డేటాబేసు ఖాతాలకు కాలేజీ ఈమెయిల్ బదులు సొంత ఈమెయిల్ ఇవ్వడం, మొత్తం జాబితాను ఎగుమతి చేసి రెండుచోట్ల దాచుకోవడం.