దారినపోయే దానయ్యకు చోటు

నల్లమల అంచున ఉన్న బొల్లాపల్లి ప్రాంతంలో రైలెక్కదలచినవారు వినుకొండకు పోవలెను. పల్లెలనుండి, తండాలనుండి కాలినడకన రోడ్డుకు చేరినవారు చెట్టునీడన బస్సుకొరకు నిలుచుందురు. ఇంతలో మోటారుసైకిలో, ట్రాక్టరో కనబడినచో ఒక చేయి లేచును. "అన్నా, కాస్త వినుకొండ దాకా!" అను పిలుపు వినబడును. బండి ఆగును. దారినపోయే దానయ్య క్షణంలో తోడుప్రయాణికుడగును.

పాశ్చాత్యులు దీనిని హిచ్ హైకింగ్ అందురు. 'హిచ్' అనగా తగిలించుట, 'హైక్' అనగా దూరపు నడక. ఈ జంటమాట 1920 దశకంలో అమెరికాలో వాడుకకు వచ్చినది. మనవారికి 'లిఫ్టు' అను మాట చాలును. అక్కడ బొటనవ్రేలు ఎత్తుదురు. ఇక్కడ అరచేయి చాపుదురు. పని ఒకటే, అర్థములు పెక్కు. దేశాటనమునకు బయలుదేరిన యువకునికి అది సాహసము. బడిగంట వేళ మించిపోవుచున్న ఉపాధ్యాయునికి అవసరము. ఎక్కించుకొనువానికి కొన్నియెడల పుణ్యము, కొన్నియెడల డీజిలు ఖర్చులో సాయము. రాత్రివేళ లారీ డ్రైవరుకైతే, కునుకు పట్టనీయని మాటతోడు.

కొన్ని దేశములలో ప్రభుత్వములే ఈ ఆచారమును చేరదీసినవి. పోలండులో 1950 దశకం చివర ప్రయాణికులకు కూపన్ల పుస్తకములిచ్చు పద్ధతి మొదలైనది. ఎక్కించుకున్న డ్రైవరుకు ప్రయాణికుడు కూపను చించి ఇచ్చును. అట్టి కూపన్లు కూడబెట్టినవారికి బహుమతులు దక్కెడివి. 1991లో సోవియట్ యూనియన్ పతనమైన పిమ్మట ఇంధనము కరవైన క్యూబాలో, పసుపుపచ్చ దుస్తుల ఉద్యోగులు రహదారులపై నిలిచి ప్రభుత్వ వాహనములను ఆపి, వేచియున్నవారిని ఎక్కించిరి.

మన దేశంలో చట్టము ఈ దయను అంతగా ఆదరింపలేదు. మిరప టిక్కీలతో గుంటూరు యార్డుకు పోవు లారీనే తీసుకొందము. సరకు వెంట పోవు రైతుకు 1994 నాటి సవరణ వలన బీమా రక్షణ కలదు. అదే లారీలో ఊరక ఎక్కిన పొరుగువానికి మాత్రము బీమా సంస్థ పరిహారమీయనక్కరలేదని ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు 2002లో తీర్పు చెప్పినది. ప్రమాదము జరిగినచో ఆ భారము బండి యజమానిపై పడవచ్చును. జాలిపడి చోటిచ్చినవాడే అప్పులపాలగుట ఎంత విషాదము! మోటారుసైకిలు నడుపువాని వెనుక ఒక్కరినే కూర్చుండబెట్టవలెనని, ఇద్దరికీ హెల్మెట్లు ఉండవలెనని 1988 నాటి చట్టము చెప్పుచున్నది. ముగ్గురు పిల్లలు ఒకే బండిపై బడికి పోవు దృశ్యము చూచినవారికి ఆ నియమము విలువ తెలియును.

2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీలకు ఆర్టీసీ బస్సులలో ఉచిత ప్రయాణము ప్రారంభమైనది. అయినను టిక్కెట్టు లేకున్నంత మాత్రమున చాలదు. బస్సు వేళకు రావలెను గదా! పదవ తరగతి బాలిక చీకటిపడు వేళ అపరిచితుని బండికై చేయెత్తవలసి వచ్చుట సాహసమూ కాదు, సరదా కాదు. అది వేళకు రాని బస్సు ఆమెపై మోపిన భారము.

"ఎక్కవోయ్, బడి దాకా దింపెదను" అని బండి ఆపిన మాస్టారిని విద్యార్థి జీవితాంతము మరువడు. ఆ మంచితనము నిలువవలసినదే. చేయి చాపినవానికి మొండిచేయి చూపని ఊరు మంచి ఊరు. పిల్లలు చేయి చాపవలసిన అవసరమే లేని ఊరు అంతకంటెను మంచిది.