పికప్‌ను రెండంగుళాలు లేపితే ఏ టైరు సరిపోతుంది?

సస్పెన్షన్‌కు రెండంగుళాల లిఫ్ట్ కిట్ వేయించాక ఎంత పెద్ద టైరు పడుతుంది? అమెరికాలో పికప్ కొన్నవాళ్లు టైర్ల షాపులో తరచూ అడిగే ప్రశ్న ఇది. టెక్సస్‌లోనో కాలిఫోర్నియాలోనో స్థిరపడి, వారాంతాల్లో కొండదారులకూ క్యాంపింగ్‌కూ పోవచ్చని పికప్ తీసుకున్న మన తెలుగువాళ్లకూ ఈ సందేహం వస్తుంది. జవాబు చాలాసార్లు ఒక్క అంకెలో వస్తుంది: 33 అంగుళాలు. కానీ ఈ లెక్క ఒక్క అంకెలో తేలేది కాదు. లిఫ్ట్ బండికి చోటిచ్చేది పైవైపున. పెద్ద టైరుకు చోటు కావలసింది పైన మాత్రమే కాదు, ముందూ వెనకా పక్కనా కూడా. ఈ తేడా ముందే తెలిస్తే కొత్త టైర్లు వేయించిన వారానికే బంపర్ అంచులు కోయించుకునే అవస్థ తప్పుతుంది.

మాటలు గాలిలో తేలిపోకుండా ఒక్క బండినే ఎదురుగా పెట్టుకుందాం. టొయోటా టకోమా, 2016 నుంచి 2023 దాకా వచ్చిన మూడో తరం మోడళ్లు. ముందు చక్రాలు రెండింటికీ వేర్వేరు సస్పెన్షన్, వెనక ఒకటే ఇరుసు, దాన్ని మోసే కమాన్ కట్టలు. దీనిలో ఒక రకానికి కంపెనీ ఇచ్చిన టైరు 265/65 ఆర్17. మొదటి అంకె టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది టైరు గోడ ఎత్తు. ఆ వెడల్పులో 65 శాతం అన్నమాట. చివరి 17 రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. 265లో 65 శాతం 172.25. ఆ గోడ రిమ్ముకు పైనా ఉంటుంది, కిందా ఉంటుంది కాబట్టి రెట్టింపు చేస్తే 344.5. పదిహేడు అంగుళాల రిమ్ము 431.8 మిల్లీమీటర్లు. రెండూ కలిపితే 776 మిల్లీమీటర్లు, అంటే సుమారు 30.6 అంగుళాలు. కాగితం మీద ఈ గుణకారం ఒక్కసారి చేసిచూస్తే, ఆ తర్వాత ఏ టైరు గురించి ఎవరేం చెప్పినా మీరే సరిచూసుకోగలరు.

ఇదే టకోమాలో ఇంకో రకానికి 265/70 ఆర్16, మరో రకానికి 265/60 ఆర్18, చవక రకానికి 245/75 ఆర్16 ఇచ్చారు. ఇవీ లెక్కకట్టి చూడండి. రిమ్ము 16 అయినా 18 అయినా బయటి వ్యాసం అన్నిటికీ ముప్పైన్నర అంగుళాల దగ్గరే ఉంటుంది. స్పీడోమీటరు, గేర్ల నిష్పత్తి, చక్రాలు జారకుండా చూసే కంప్యూటరు, వీటన్నిటి లెక్కలూ ఆ చుట్టుకొలతనే నమ్ముకుని ఉన్నాయి. టైరు మారిస్తే ఆ లెక్కలన్నిటినీ కదిపినట్టే.

రెండంగుళాల లిఫ్ట్ తర్వాత ఈ బండికి సాధారణంగా అనుకునే సైజులు మూడు. 265/70 ఆర్17 అయితే 31.6 అంగుళాలు, 275/70 ఆర్17 అయితే 32.2, 285/70 ఆర్17 అయితే 32.7. షాపుల్లో 33 అని పిలిచేది ఈ చివరిదాన్నే. కంపెనీ టైరుతో పోలిస్తే వీటి అర్ధవ్యాసం వరుసగా సుమారు 13, 20, 27 మిల్లీమీటర్లు ఎక్కువ. తక్కినవన్నీ మరిచిపోయినా ఈ మూడు అంకెలు గుర్తుంచుకోండి. చక్రం మధ్యబిందువు కదలదు కాబట్టి టైరు అన్ని వైపులకూ అంతేసి పెరుగుతుంది. ముందున్న బంపర్‌కు 27 మిల్లీమీటర్లు దగ్గరవుతుంది, వెనకున్న క్యాబిన్ అడుగుకు మరో 27 దగ్గరవుతుంది.

ఇక లిఫ్ట్ ఏం చేస్తుందో చూద్దాం. తక్కువ ఖర్చుతో అయ్యేది ముందు స్ప్రింగు స్ట్రట్ మీద పెట్టే స్పేసర్. స్ట్రట్ కింది ఆర్మ్‌కు మధ్యలో ఎక్కడో బిగిసి ఉంటుంది, చక్రం ఆ ఆర్మ్ చివర ఉంటుంది. అందువల్ల అంగుళం మందం స్పేసర్ పెడితే చక్రం దగ్గర సుమారు రెండంగుళాల ఎత్తు వస్తుంది. రెండంగుళాల లిఫ్ట్ కావాలని రెండంగుళాల స్పేసర్ వేయించి దెబ్బతినేవాళ్లున్నారు, జాగ్రత్త. స్పేసర్ కన్నా మెరుగైన పద్ధతి పొడవైన స్ప్రింగూ దానికి తగిన షాక్ అబ్జార్బరూ కలిపి మార్చడం. వెనక అయితే కమాన్ కట్టలో అదనంగా ఒక పట్టీ చేరుస్తారు.

ఏ పద్ధతిలో లేపినా, ఛాసిస్‌కు బిగించి ఉండే రబ్బరు బంప్ స్టాప్ మాత్రం అక్కడే ఉంటుంది. చక్రం ఎంత పైకి రావచ్చో తేల్చేది ఆ రబ్బరే. పెద్ద గుంతలో పడ్డప్పుడో రాయి ఎక్కినప్పుడో లిఫ్ట్ వేసిన బండి చక్రం కూడా వెనకటి ఎత్తుకే, కొంచెం అటూఇటుగా, లేచి వస్తుంది. లిఫ్ట్ వల్ల ఆ స్థితికి చేరడం అరుదవుతుంది, అంతే. చేరినప్పుడు అక్కడున్న ఖాళీ పాతదే, టైరేమో కొత్తది. బండి ఆగి ఉన్నప్పుడు మడ్‌గార్డు అంచుకూ టైరుకూ మధ్య పిడికిలి దూరేంత జాగా కనబడి సరిపోయిందని తృప్తిపడితే, ఆ తృప్తి మొదటి కొండదారి వరకే.

ఇక స్టీరింగ్ తిప్పితే ఏమవుతుందో చూద్దాం. అసలు చిక్కు ఇక్కడే ఉంది. ముందు టైరు పూర్తిగా తిరిగినప్పుడు దాని ముందు అంచు బంపర్ మూలవైపు, వెనక అంచు క్యాబిన్ వైపు ఊగుతాయి. టకోమాలో టైరు వెనక, క్యాబిన్‌ను ఛాసిస్‌కు బిగించే ఇనుప బ్రాకెట్టు ఉంటుంది. దాన్ని బాడీ మౌంట్ అంటారు. 285/70 ఆర్17 వేసినప్పుడు మొదట రాసుకునేది చాలావరకు దానికే. బండిని రెండంగుళాలు కాదు, మూడు లేపినా ఆ బ్రాకెట్టు టైరుకు దూరం జరగదు. గది కప్పు ఎత్తు పెంచినంత మాత్రాన గుమ్మం వెడల్పు కాదు కదా. అందుకే 33 వేసినవాళ్లు చాలామంది ఆ బ్రాకెట్టు మూల కోయించి, కోసిన చోట పలక పెట్టి వెల్డింగ్ చేయిస్తారు. నేర్పున్నవాళ్లు చేస్తే అది గట్టి పనే. కానీ బండి బరువు మోసే ఇనుముకు కోత పెట్టే పని అది. రోజూ ఆఫీసుకు నడిపే, పిల్లల్ని ఎక్కించుకునే బండికి కేవలం ఓ అంగుళం సోకు కోసం అంత పని చేయించడం నాకు సమ్మతం కాదు.

రిమ్ముల సంగతి కూడా దీనికి ముడిపడి ఉంది. కొత్త టైర్లతోపాటు కొత్త రిమ్ములు కొంటే చక్రం బయటికి జరిగే రకాన్నే, అంటే ఆఫ్‌సెట్ తక్కువ ఉన్నవాటినే అంటగడతారు, చూడ్డానికి బాగుంటాయి. అలా జరిగితే టైరు లోపలి అంచు సస్పెన్షన్ పై ఆర్మ్‌కు తగలదన్నది నిజమే. అయితే చక్రం బయటికి జరిగినకొద్దీ, స్టీరింగ్ తిప్పినప్పుడు అది గీసే వంపు పెద్దదవుతుంది. బంపర్‌కూ బాడీ మౌంట్‌కూ తగిలే అవకాశం పెరుగుతుంది. బేరింగుల మీద భారం కూడా ఎక్కువవుతుంది. కంపెనీ రిమ్ములే ఉంచుకుంటే చాలా గొడవలు పుట్టకముందే పోతాయి. 285 లాంటి వెడల్పు టైరు కంపెనీ సన్న రిమ్ము మీద బిగించే ముందు మాత్రం, ఆ టైరుకు తయారీదారు అనుమతించిన రిమ్ము వెడల్పుల్లో అది ఉందో లేదో అడగండి.

ఎత్తు నిజంగా అవసరమైనవాళ్లు వెడల్పు తగ్గించుకుని ఎత్తు తీసుకోవచ్చు. 255/85 ఆర్16 అనే పాత సైజు ఒకటుంది. ఎత్తు 33 అంగుళాలు, వెడల్పేమో కంపెనీ టైరు కన్నా పది మిల్లీమీటర్లు తక్కువ. పక్కలకు రాసుకోవడం తగ్గుతుంది. అయితే అర్ధవ్యాసం 32 మిల్లీమీటర్లు పెరుగుతుంది కాబట్టి బాడీ మౌంట్ బెడద పూర్తిగా తప్పదు. రకాలూ తక్కువే దొరుకుతాయి.

ఇంతకూ పెద్ద టైరు వల్ల లాభమేమిటి? నేల మీద రాళ్లకు ముందు తగిలేది ఇరుసు మధ్యనున్న డిఫరెన్షియల్ గుండు. వెనక ఇరుసు నేరుగా చక్రాల మీద కూర్చుంటుంది కనుక, లిఫ్ట్ ఎంత వేసినా ఆ గుండు ఒక్క మిల్లీమీటరు లేవదు. దాన్ని లేపేది టైరొక్కటే, అదీ పెరిగిన వ్యాసంలో సగం. 31.6 అంగుళాల టైరుతో అర అంగుళం, 32.7తో అంగుళం పైచిలుకు. రాళ్ల దారుల్లో అర అంగుళానికీ విలువుంది, దాన్ని తక్కువ చేయను. కానీ ఏడాదికి నాలుగుసార్లు మట్టిరోడ్డు ఎక్కే బండికి ఆ మిగతా అర అంగుళం ఏమంత అక్కర?

దానికి కట్టే మూల్యం మాత్రం రోజూ కనిపిస్తుంది. 285/70 ఆర్17 చుట్టుకొలత కంపెనీ టైరు కన్నా 7 శాతం ఎక్కువ. స్పీడోమీటరు 60 మైళ్లు చూపిస్తుంటే మీరు వెళ్లేది 64. ఓడోమీటరు నడిచిన దూరం తక్కువ చూపిస్తుంది కాబట్టి మైలేజీ నిజంగా పడిపోయిన దానికన్నా ఇంకా పడిపోయినట్టు అనిపిస్తుంది. గేర్ల మీదా ఇదే దెబ్బ. ఆటోమేటిక్ వి6 టకోమాలో 3.9గా ఉన్న ఇరుసు నిష్పత్తి 3.65లా పనిచేస్తుంది. ఈ బండి ఆరు గేర్ల పెట్టె చిన్న ఎత్తు వచ్చినా కింది గేరుకు దూకుతుందన్న ఫిర్యాదు మొదటి నుంచీ ఉంది. పెద్ద టైరుతో అది ఇంకా ఎక్కువవుతుంది. గట్టి గోడలున్న ట్రక్కు రకం టైరైతే ఒక్కోటి 15 పౌండ్లకు పైగా అదనపు బరువు. ఆ బరువు తిరిగే అంచున ఉంటుంది, కనుక బండి కదలడానికీ ఆగడానికీ ఎక్కువ శ్రమ. అదే 265/70 ఆర్17తో అయితే తేడా మూడున్నర శాతం లోపే. 60 చూపిస్తే 62.

గాలి విషయం చాలామంది పట్టించుకోరు. కంపెనీ టైరు మీద సాధారణంగా సైజుకు ముందు ‘పి’ అక్షరం, లిఫ్ట్ బండ్ల టైర్ల మీద ‘ఎల్‌టి’ అని ఉంటాయి. ఎల్‌టి టైరు ఎక్కువ బరువు మోయగలదన్నది నిజం, కానీ ఎక్కువ గాలి నింపితేనే. డోరు పక్క స్టిక్కరు మీదున్న ఒత్తిడి పాత టైరుకు రాసింది. అదే గాలి ఎల్‌టిలో నింపితే అది మోసే బరువు పాత టైరు కన్నా తగ్గవచ్చు. కొత్త టైరు తయారీదారు పట్టిక చూసి, స్టిక్కరు ప్రకారం ఇరుసు మీద పడే బరువుకు ఎంత గాలి కావాలో షాపువాళ్లతో రాయించుకోండి. డ్యాష్‌బోర్డులో వెలిగే గాలి హెచ్చరిక కూడా పాత లెక్కనే నమ్ముకుని ఉంటుంది; అది వెలిగే లోపే కొత్త టైరులో గాలి ప్రమాదకరంగా తగ్గి ఉండొచ్చు.

లిఫ్ట్ వేసిన రోజే అలైన్‌మెంట్ చేయించాలి. ముందు భాగం లేస్తే చక్రాల కోణాలన్నీ మారతాయి. వాటిలో క్యాస్టర్ అనే కోణం తగ్గితే హైవేలో స్టీరింగ్ నిలకడ పోతుంది. కింది ఆర్మ్ బోల్టులు సర్ది క్యాస్టర్ పెంచితే చక్రం కాస్త ముందుకు జరిగి బాడీ మౌంట్ నుంచి రెండు మూడు మిల్లీమీటర్లు తప్పుకుంటుంది. అలైన్‌మెంట్ చేసేవాడికి ఈ మాట చెప్పి చేయించుకోవచ్చు. హెడ్‌లైట్లు కూడా పైకి లేస్తాయి. గోడకు 25 అడుగుల దూరంలో నిలిపి కాంతిగీతను కిందికి దించకపోతే ఎదుటివాళ్ల కళ్లలో పడుతుంది. 2018 మోడల్ నుంచి ఈ బండికి రాడారూ కెమెరా ఉన్నాయి. అవి సరిగా చూస్తున్నాయో లేదో డీలరుతో పరీక్ష చేయించాలి. లిఫ్ట్ వేశారని వారంటీ మొత్తం పోదు. 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం, చెడిన భాగం ఆ మార్పు వల్లే చెడిందని కంపెనీ చూపాలి. కానీ లేపిన బండిలో ముందు ఇరుసు కీలు పోతే అలా చూపడం వాళ్లకు కష్టమేమీ కాదు.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో టొయోటా హైలక్స్ నడుపుతూ ఇది చదివేవాళ్లకు ఒక మాట. అక్కడి చట్టం వేరు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. అమెరికాలో అందరూ వేయిస్తున్నారని చూసి అక్కడ వేయిస్తే బండి కాగితాలకూ బీమాకూ చిక్కు వస్తుంది.

నా తీర్పు ఇది. రెండంగుళాల లిఫ్ట్ వేసిన టకోమాకు, కంపెనీ రిమ్ముల మీద 265/70 ఆర్17 సరైన టైరు. కోతలేవీ అక్కర్లేదు, బండి స్వభావం మారదు, ఇరుసు కింద అర అంగుళం దక్కుతుంది. 275/70 ఆర్17 అంచు మీది బేరం. లోపలి ప్లాస్టిక్‌ను కాస్త సర్దితే కొన్ని బండ్లకు పడుతుంది. రాళ్లెక్కడమే పనిగా పెట్టుకున్నవాళ్లు, కోత ఖర్చూ ఇరుసు గేర్లు మార్చే ఖర్చూ ముందే లెక్కలో వేసుకున్నవాళ్లు మాత్రమే 285 జోలికి పోవాలి. ఏది కొన్నా స్టెప్నీ కూడా అదే సైజుది కొనండి. ఫోర్‌వీల్ వేసినప్పుడు వేర్వేరు ఎత్తుల టైర్లు గేర్లను దెబ్బతీస్తాయి. డబ్బు కట్టే ముందు షాపువాళ్లను ఒక్క టైరు ముందు బిగించమనండి. ఆ చక్రాన్ని ర్యాంపు ఎక్కించి, స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి, వెనక్కి నడిపి చూపించమనండి. అందుకు ఒప్పుకోని షాపులో కొనకండి.